సూపర్‌కండక్టివిటీలో పీహెచ్‌డీ: ఫెలోషిప్‌లు ఏవి, వాటి ముందున్న తలుపులు ఏవి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ కడతానంటోంది. ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల క్వాంటమ్ కంప్యూటర్‌ను అక్కడ పెడతామని 2025 మేలో ప్రకటన వచ్చింది. అంతకు ముందే, 2023 ఏప్రిల్‌లో, కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఐబీఎం యంత్రంలో లెక్కలు చేసే చిప్పు సూపర్‌కండక్టర్‌తో పనిచేస్తుంది. రాజధాని కోసం పోయిన భూముల్లో దళితుల అసైన్డ్ భూములూ ఉన్నాయి. ఆ నేల మీద లేచే ల్యాబుల్లో మన పిల్లలు సెక్యూరిటీ గార్డులుగా, హౌస్‌కీపింగ్ పనివాళ్లుగా మాత్రమే ఉంటారా, పరిశోధకులుగా కూడా ఉంటారా? ఇది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.

పరిశోధకులు కావాలంటే పీహెచ్‌డీ చేయాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ తిండికి, అద్దెకు, ఇంటికి పంపడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు పేరే ఫెలోషిప్. సూపర్‌కండక్టివిటీ రంగంలో పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థికి దేశంలో, బయట ఏయే ఫెలోషిప్‌లు ఉన్నాయో ఈ వ్యాసంలో వరసగా చెబుతాం. దానితోపాటు ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాం. ఈ రంగంలో ఫెలోషిప్‌లకు కొరత లేదు. అక్కడి దాకా వెళ్లే దారిలో రెండు తలుపులున్నాయి. ఒకటి ల్యాబులో సీటు, రెండోది నెలనెలా డబ్బు చేతికి అందడం. మొదటి తలుపు దగ్గర రిజర్వేషన్ చట్టానికే మినహాయింపు ఉంది. రెండో తలుపు దగ్గర ఆలస్యం కాపలా కాస్తోంది.

సూపర్‌కండక్టివిటీ అంటే

రాగి తీగలో కరెంటు పోతుంటే తీగ వేడెక్కుతుంది. తీగకున్న నిరోధం వల్ల కొంత కరెంటు వేడిగా వృథా అవుతుంది. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే ఈ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అతివాహకత అంటారు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనస్ పాదరసంలో దీన్ని మొదటిసారి గుర్తించాడు. అప్పుడు ఉష్ణోగ్రత 4.2 కెల్విన్, అంటే సున్నాకు కింద దాదాపు 269 డిగ్రీల సెల్సియస్. అంత చలి కోసం ద్రవ హీలియం కావాలి. 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ ఒక రకం సిరామిక్ పదార్థాల్లో ఇంకాస్త ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే ఈ గుణాన్ని చూశారు. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. 1987లో యిట్రియం, బేరియం, కాపర్, ఆక్సిజన్ కలిసిన పదార్థం 93 కెల్విన్ దగ్గరే అతివాహకమైంది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర ఉంటుంది కాబట్టి చవకైన నైట్రోజన్‌తోనే పని సాగే వీలు దొరికింది.

ఈ గుణాన్ని తీగలుగా, అయస్కాంతాలుగా, సెన్సర్లుగా, చిప్పులుగా మార్చే పనిని అప్లైడ్ సూపర్‌కండక్టివిటీ అంటారు. ఆసుపత్రుల్లోని పెద్ద ఎంఆర్‌ఐ మిషన్ల అయస్కాంతం నయోబియం టైటానియం తీగతో చేసిందే. జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో 1,232 డైపోల్ అయస్కాంతాలను 1.9 కెల్విన్ దగ్గర నడుపుతున్నారు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కూ సూపర్‌కండక్టర్ అయస్కాంతాలే ఆధారం. ఆ ప్రాజెక్టులో భారతదేశం భాగస్వామి.

ఈ రంగంలో పీహెచ్‌డీ విద్యార్థి చేసిన పని ఎంత దూరం పోతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1962లో బ్రయన్ జోసెఫ్సన్ కేంబ్రిడ్జిలో 22 ఏళ్ల పరిశోధక విద్యార్థి. రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పల్చటి అడ్డుపొర ఉన్నా వోల్టేజీ లేకుండానే కరెంటు దాటగలదని లెక్క కట్టి చెప్పాడు. 1973లో నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. 2025 భౌతికశాస్త్ర నోబెల్ జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు వచ్చింది. ఆ ప్రయోగాలు 1984, 1985ల్లో బర్కిలీలో జరిగాయి. అప్పుడు మార్టినిస్ క్లార్క్ దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి. నేటి సూపర్‌కండక్టర్ క్యూబిట్లకు ఆ పనే పునాది. విద్యార్థిగా ఉన్నప్పుడు ల్యాబులో చోటు, చేతిలో తీరిక ఉన్నవాళ్లకే ఇది సాధ్యమైంది.

దేశంలో ఈ పని ఎక్కడ జరుగుతుంది

ఫెలోషిప్ గురించి ఆలోచించే ముందు ల్యాబుల పటం తెలిసి ఉండాలి. గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రిసెర్చ్‌లో ఎస్‌ఎస్‌టీ-1 అనే సూపర్‌కండక్టింగ్ టోకమాక్ ఉంది. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో యాక్సిలరేటర్ల కోసం నయోబియం క్యావిటీలు చేస్తారు. కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్‌లో సూపర్‌కండక్టింగ్ సైక్లోట్రాన్ ఉంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో స్క్విడ్ సెన్సర్ల మీద పని జరుగుతుంది. మెదడులో పుట్టే అతి చిన్న అయస్కాంత సంకేతాలను కొలవడానికి ఇవి పనికొస్తాయి. ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రం, టాటా ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సూపర్‌కండక్టర్ క్యూబిట్ల పరిశోధన కూడా సాగుతోంది.

ఇవి కాక ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఉంది. ఇది యూజీసీ కింద యూనివర్సిటీల కోసం పెట్టిన కేంద్రం. ఇక్కడ సూపర్‌కండక్టింగ్ లీనియర్ యాక్సిలరేటర్ నడుస్తుంది. ఢిల్లీలోనే సీఎస్ఐఆర్ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ ఉంది. బెంగళూరులో ఐఐఎస్సీ, వేర్వేరు ఐఐటీలు, కేంద్ర విశ్వవిద్యాలయాల ఫిజిక్స్ విభాగాలు కూడా ఈ పటంలోవే.

ఈ రెండు పేరాల్లోని సంస్థలను గుర్తు పెట్టుకోండి. మొదటి పేరాలోని వాటికీ, రెండో పేరాలోని వాటికీ మధ్య ఒక చట్టం గీసిన గీత ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాం.

దేశంలో దొరికే ఫెలోషిప్‌లు

సీఎస్ఐఆర్-యూజీసీ జేఆర్ఎఫ్: ఫిజికల్ సైన్సెస్ పేపర్ రాసి అర్హత సాధించాలి. 2023 జనవరి 1 నుంచి నెలకు తొలి రెండేళ్లు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా 42,000 రూపాయలు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె అలవెన్సు వేరు. మొత్తం ఐదేళ్లు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఎమ్మెస్సీలో 50 శాతం మార్కులుంటే చాలు. జేఆర్ఎఫ్ వయసులో ఐదేళ్ల సడలింపు ఉంటుంది. ఈ ఫెలోషిప్ మన పేరు మీద వస్తుంది కాబట్టి గైడ్ దగ్గర ప్రాజెక్టు డబ్బు లేకపోయినా చేరవచ్చు. ల్యాబును మనం ఎంచుకునే బలం ఇది ఇస్తుంది.

ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్: 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. ఏడాదికి 2,000 కొత్త ఫెలోషిప్‌లు. వాటిలో 1,500 హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు, 500 సైన్సుకు. నెలసరి మొత్తం జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్‌లతో సమానం. సైన్స్ విద్యార్థికి కంటింజెన్సీ కింద తొలి రెండేళ్లు ఏడాదికి 12,000, ఆ తర్వాత 25,000 రూపాయలు. దేశం మొత్తం మీద ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, గణితం అన్నీ కలిపి 500. సోషల్ సైన్సెస్ వైపు మన వాళ్లు ఎక్కువగా కనిపించడం, సైన్స్ ల్యాబుల్లో తక్కువగా కనిపించడం వెనక ఈ విభజన పాత్ర కూడా ఉందని మా అభిప్రాయం.

ఎస్టీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్: గిరిజన వ్యవహారాల శాఖ ఇస్తుంది. ఏడాదికి 750.

గేట్ ద్వారా వచ్చే ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్: ఐఐటీల్లో చేరినవాళ్లకు విద్యాశాఖ ఇచ్చేది. మొత్తం జేఆర్ఎఫ్‌తో సమానమే. దీనికి బదులుగా తరగతుల్లో, ల్యాబుల్లో బోధనకు సాయం చేయాలి.

ఇన్‌స్పైర్ ఫెలోషిప్: సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇస్తుంది. పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు దీని మీద కన్నేయాలి.

ప్రధానమంత్రి రిసెర్చ్ ఫెలోషిప్: 2018లో వచ్చింది. నెలకు 70,000తో మొదలై నాలుగు, ఐదు సంవత్సరాల్లో 80,000 దాకా పోతుంది. ఏడాదికి 2 లక్షల రిసెర్చ్ గ్రాంటు అదనం. ఒకే ల్యాబులో, ఒకే బల్ల దగ్గర పనిచేసే ఇద్దరు విద్యార్థుల్లో ఒకరికి 37,000, ఇంకొకరికి 70,000 వచ్చే పరిస్థితి దీనితో ఏర్పడింది.

అణుశక్తి శాఖ సంస్థల ఫెలోషిప్: పైన మొదటి పేరాలో చెప్పిన కేంద్రాలు జెస్ట్, గేట్ వంటి పరీక్షల స్కోర్లు చూసి, ఆపైన ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటాయి. సీటు, ఫెలోషిప్ కలిసే వస్తాయి.

బయటి దేశాల నుంచి వచ్చేవి

ఈ రంగానికే ప్రత్యేకంగా ఉన్న అంతర్జాతీయ పురస్కారం ఐఈఈఈ కౌన్సిల్ ఆన్ సూపర్‌కండక్టివిటీ ఇచ్చే గ్రాడ్యుయేట్ స్టడీ ఫెలోషిప్. అప్లైడ్ సూపర్‌కండక్టివిటీలో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఇస్తారు. కొద్దిమందికే వస్తుంది. దీనితో ఇల్లు గడవదు. దీని విలువ వేరే చోట ఉంది. ఈ రంగంలో ప్రపంచమంతా చదివే జర్నల్‌ను నడిపేది ఈ కౌన్సిలే. రెండేళ్లకోసారి అమెరికాలో జరిగే అప్లైడ్ సూపర్‌కండక్టివిటీ కాన్ఫరెన్సుకు వచ్చే శాస్త్రవేత్తలే రేపు పోస్ట్‌డాక్ ఉద్యోగాలిస్తారు. ఈ ఫెలోషిప్ పేరు సీవీలో ఉంటే ఆ తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. అయితే అక్కడ చూసేది అప్పటి దాకా చేసిన పరిశోధన, మార్కులు, గైడ్ల సిఫారసు లేఖలు. అంటే మంచి ల్యాబులో ముందే ఉన్నవాళ్లకే ఇది అందుతుంది.

సెర్న్ డాక్టోరల్ స్టూడెంట్ ప్రోగ్రాం మన విద్యార్థులు చాలామంది పట్టించుకోనిది. 2017 జనవరి నుంచి భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. సభ్య, అసోసియేట్ సభ్య దేశాల పౌరులు దీనికి దరఖాస్తు చేయవచ్చు. సొంత యూనివర్సిటీలో పీహెచ్‌డీకి నమోదై ఉండి, 36 నెలల దాకా సెర్న్‌లో పనిచేయవచ్చు. అప్లైడ్ ఫిజిక్స్, ఇంజనీరింగ్, కంప్యూటింగ్ విషయాలకే ఇది. సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలు సరిగ్గా ఆ కోవలోవే.

యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లకు ఏ దేశం వాళ్లయినా దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే స్కాలర్‌షిప్ బదులు ఉద్యోగ కాంట్రాక్టు ఇస్తారు. నియామక తేదీకి ముందు మూడేళ్లలో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్నది షరతు. మనలో చాలామందికి ఇది అడ్డంకే కాదు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. దాని వెంట పడి సమయం పాడు చేసుకోవద్దు. అమెరికాలో గైడ్ ప్రాజెక్టు నుంచి వచ్చే రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్ మన దారి.

సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఏడాదికి 125 మందికి ఇస్తారు. అందులో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త, అర్ధ సంచార జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్లకు. వయసు 35లోపు, మార్కులు 60 శాతం, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. క్యూఎస్ ర్యాంకుల్లో తొలి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ కావాలి. పీహెచ్‌డీకి నాలుగేళ్లు ఇస్తారు. ఎస్టీలకు గిరిజన శాఖ విడిగా ఏడాదికి 20 ఇస్తుంది.

మొదటి తలుపు: చట్టంలోని ఒక షెడ్యూలు

కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశాల రిజర్వేషన్ చట్టం 2006లో వచ్చింది. దీన్ని అందరూ ఓబీసీ చట్టమనే గుర్తుపెట్టుకున్నారు. నిజానికి ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లను చట్టబద్ధం చేసింది ఇదే. 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అప్పటి మెరిట్ చర్చలు, ఎయిమ్స్ సమ్మెలు అందరికీ తెలుసు. చట్టం నాలుగో సెక్షన్, దాని చివరనున్న షెడ్యూలు మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

ఎక్సలెన్స్ సంస్థలు, పరిశోధన సంస్థలు, జాతీయ, వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్న సంస్థలు అంటూ కొన్నిటికి ఆ సెక్షన్ ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ షెడ్యూలులో మొదటి పేరు హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, దాని కింద పది కేంద్రాలు. భాభా అణు పరిశోధన కేంద్రం, కల్పాక్కం, ఇండోర్ రాజా రామన్న సెంటర్, గాంధీనగర్ ప్లాస్మా సంస్థ, కోల్‌కతా సైక్లోట్రాన్ సెంటర్ అన్నీ అందులో ఉన్నాయి. రెండో పేరు టాటా ఇన్‌స్టిట్యూట్. ల్యాబుల పటంలో మొదటి పేరాను మళ్లీ చదవండి. అందులోని ప్రతి సంస్థా ఈ షెడ్యూలులో ఉంది.

ఈ సంస్థలు రిజర్వేషన్ ఇవ్వకూడదని చట్టం చెప్పలేదు. ఇవ్వాల్సిన బాధ్యత లేదని చెప్పింది. ఇచ్చినా దయ, ఇవ్వకపోయినా అడిగే హక్కు లేదు. సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాల, క్యావిటీల మీద ప్రభుత్వం పెట్టే పెద్ద ఖర్చు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఖర్చు మన పన్నులతో, ప్రవేశం వాళ్ల ఇష్టంతో. 2019లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్ చట్టం తెచ్చినప్పుడు కూడా ఇదే తరహా షెడ్యూలు పెట్టారు. 2020లో కేంద్రం వేసిన ఒక కమిటీ ఐఐటీలను కూడా ఆ అధ్యాపక షెడ్యూలులో చేర్చాలని సిఫారసు చేసింది. మినహాయింపు ఒకసారి పుట్టాక ఎలా పాకుతుందో ఇది చూపిస్తుంది.

షెడ్యూలులో లేని చోట పరిస్థితి బాగుందని కాదు. 2015 నుంచి 2019 వరకు ఐఐటీల్లో పీహెచ్‌డీలో చేరినవాళ్లలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతమేనని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. చట్టం ఇచ్చిన వాటా 15, 7.5. అర్హులు దొరకలేదన్న మాట ఇంటర్వ్యూ గదుల్లో తయారవుతుంది. అయితే ఐఐటీ విషయంలో లెక్క అడగగలిగాం, పార్లమెంటులో జవాబు వచ్చింది, ఎంత లోటో తెలిసింది. చట్టం వర్తించని చోట లోటు అనే మాటకే అర్థం ఉండదు.

రెండో తలుపు: రాని డబ్బు

అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లాడు. 1916లో లండన్‌లో చేరాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో చదువు మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, కొంత కూడబెట్టి, కొంత అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. డీఎస్సీ చేతికొచ్చింది 1923లో. డబ్బు ఆగితే పరిశోధన ఆగుతుందన్నది మనకు మొదటి తరం నుంచీ తెలిసిన పాఠం.

2022 అక్టోబరులో ఎస్సీ జాతీయ ఫెలోషిప్ పంపిణీ యూజీసీ నుంచి షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫైనాన్స్ కార్పొరేషన్‌కు మారింది. నెలల తరబడి డబ్బు రాలేదని విద్యార్థులు దేశమంతటా అర్జీలు పెడుతూ, ధర్నాలు చేస్తూనే ఉన్నారు. 2022 డిసెంబరులో మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఏకంగా ఆపేశారు. 2025-26కు ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ప్రొవిజనల్ లేఖలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటేనే అన్నారు. విదేశీ యూనివర్సిటీ అడ్మిషన్ నిధులు వచ్చేదాకా ఆగదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయే నాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది.

ల్యాబు సైన్సులో ఈ ఆలస్యం దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. హీలియం దిగుమతి సరుకు. క్రయోస్టాట్‌లో ద్రవ హీలియం నింపాక కొలతలు ముగిసేదాకా రాత్రీ పగలూ ల్యాబులోనే ఉండాలి. డబ్బు రాని నెలల్లో ట్యూషన్లు చెప్పుకుని బతికే వీలు అక్కడ ఉండదు. కాన్ఫరెన్సుకు వెళ్లాలంటే రిజిస్ట్రేషన్, వీసా, టికెట్ ఖర్చు ముందు మన జేబులోంచి పెట్టాలి, గ్రాంటు తర్వాత వస్తుంది. ఫెలోషిప్ ఎనిమిది నెలలు ఆగిన విద్యార్థికి ఆ జేబు ఎక్కడుంది? కాన్ఫరెన్సుకు వెళ్లకపోతే పేపరు లేదు, పేపరు లేకపోతే ఐఈఈఈ ఫెలోషిప్ లేదు. పైనుంచి చూసేవాళ్లకు అది మెరిట్ లేకపోవడంగా కనిపిస్తుంది.

విద్యార్థులు చేయగలిగింది

ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే నెట్, గేట్, జెస్ట్ మూడింటికీ కలిపి చదవడం మొదలుపెట్టండి. సిలబస్ చాలా వరకు ఒకటే. సొంత జేఆర్ఎఫ్ ఉంటే ఇంటర్వ్యూలో బలం వేరు.

రాష్ట్ర యూనివర్సిటీలో చదువుతున్నాం, మాకు సూపర్‌కండక్టివిటీ ఎక్కడ దొరుకుతుందని అనుకోవద్దు. యిట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ పొడులను లెక్క ప్రకారం కలిపి నూరి, ఫర్నేస్‌లో 900 డిగ్రీలకు పైగా వేడి చేసి, ఆక్సిజన్‌లో నెమ్మదిగా చల్లారిస్తే సూపర్‌కండక్టర్ బిళ్ల తయారవుతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచి దాని నిరోధం కొలవచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇది చేసి, గ్రాఫు గీసి, ఫలితం రాసి పెట్టుకుంటే ఏ ల్యాబు ఇంటర్వ్యూలోనైనా మాట్లాడటానికి మన సొంత పని ఉంటుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసి, రెండు నెలలు ఒక పెద్ద ల్యాబు చూసి రండి.

సిఫారసు లేఖ కోసం ఒక్క గైడ్ మీదే ఆధారపడకండి. మీ పనిని దగ్గరగా చూసిన ఇంకో ఇద్దరిని మొదటి నుంచీ పెట్టుకోండి. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ పేర్లలో అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ప్రతి నెలా ఫెలోషిప్ బిల్లు ఎప్పుడు సంతకమైంది, ఎప్పుడు పైకి పోయిందో తేదీలతో రాసి పెట్టండి. ఆలస్యం ఎక్కడ జరిగిందో చెప్పాల్సిన రోజు ఆ కాగితమే సాక్ష్యం.

ఉద్యమకారులు అడగాల్సింది

షెడ్యూలులోని ఒక్కో సంస్థకూ విడివిడిగా ఆర్టీఐ పెట్టాలి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. గత పదేళ్లలో పీహెచ్‌డీకి ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని ఇంటర్వ్యూకు పిలిచారు, ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు? ఈ నాలుగు అంకెలూ సామాజిక వర్గాల వారీగా అడగాలి. లెక్క లేదని జవాబు వస్తే ఆ జవాబు కూడా ప్రచురించాలి.

రెండోది, షెడ్యూలు మార్చమని అడగాలి. ఇందుకు పార్లమెంటులో కొత్త బిల్లు అక్కర్లేదు. షెడ్యూలును గెజిట్ నోటిఫికేషన్‌తో సవరించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉందని నాలుగో సెక్షన్‌లోనే రాసి ఉంది. మన ఎంపీలు ఈ ఒక్క వాక్యం చదివి మంత్రిని అడిగితే చాలు. కనీసం పీహెచ్‌డీ ప్రవేశాలనైనా మినహాయింపు నుంచి తీసేయమని అడగవచ్చు. విద్యార్థి పరిశోధనకు వ్యూహాత్మక రహస్యం పేరుతో కులం గీత గీయాల్సిన అవసరం ఏమిటో వాళ్లు చెప్పాలి.

మూడోది, ఎస్సీ ఫెలోషిప్‌లో సైన్స్ వాటా 500 నుంచి పెంచాలి. సోషల్ సైన్సెస్ వాటా తగ్గించకుండా పెంచాలి. నాలుగోది, ఫెలోషిప్ ఆలస్యమైతే ఉద్యోగుల జీతం బకాయిలాగే చూడాలి. నెల దాటితే యూనివర్సిటీ తన నిధి నుంచి ఇచ్చి, తర్వాత ప్రభుత్వం దగ్గర తీసుకోవాలి. అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఇదే కోవలోనిది. అక్కడ పెట్టే ప్రతి పరిశోధన ఫెలోషిప్‌కూ మొదటి నోటిఫికేషన్‌లోనే రోస్టర్ ఉండాలి. సంస్థ కట్టాక రిజర్వేషన్ అడిగితే ఎక్సలెన్స్ అన్న మాట ఎదురొస్తుంది. నోటిఫికేషన్ ఇంకా రాకముందే అడగడం మేలు.